రెండు కోతలు.. నాలుగు మడతలు!

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే చాలు, ఊళ్లో ప్రతి ఫ్యాన్సీ షాపు ముందూ ఒక బల్ల వెలిసేది. దాని నిండా గ్రీటింగ్ కార్డులే. గులాబీలు, సూర్యోదయాలు, హీరోల ఫొటోలు, వేలికి అంటితే రెండు రోజులైనా వదలని మెరుపులు. స్కూలు పిల్లలు జేబులో చిల్లర లెక్కపెట్టుకుని మరీ ఏరుకునేవాళ్లు. ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్లం ఆ బల్లల ఆఖరి రోజులు చూసిన బ్యాచ్. తర్వాత ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి, ఆపైన వాట్సాప్ వచ్చింది, షాపువాళ్లు బల్ల మడిచి లోపల పెట్టేశారు.

నిజం చెప్పాలంటే ఆ అచ్చు కార్డుల కోసం మరీ బెంగపడక్కర్లేదు. అసలు కార్డు పుట్టిందే ఉత్తరం రాసే ఓపిక లేక! 1840లో ఇంగ్లండ్‌లో పెన్నీ పోస్టు మొదలైంది. ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వెళ్లేసరికి పండగ వస్తే జనం కుప్పలుగా రాసుకోవడం మొదలెట్టారు. హెన్రీ కోల్ అనే ఆయనకి అన్నింటికీ జవాబులు రాసే తీరిక లేదు. 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ గీయించి, అచ్చు వేయించి, పేరు రాసి పంపేశాడు. మిగిలినవి అమ్మకానికి పెట్టాడు. మార్కెట్లోకి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదే అంటారు. అంటే ఆ రోజుల ఫార్వర్డ్ మెసేజ్ అన్నమాట.

చేత్తో చేసిన కార్డు సంగతి వేరు. అందులో మన టైమ్ ఉంటుంది, అది అవతలి వాళ్లకి కనిపిస్తుంది. అందుకే ఇన్‌స్టా నిండా మళ్లీ హ్యాండ్‌మేడ్ కార్డుల రీల్స్ తిరుగుతున్నాయి. కానీ చాలామంది ఒక్క కార్డుతోనే ఆపేస్తారు. మడత దగ్గర కాగితం పగులుతుంది, జిగురు పెట్టినచోట ముడతలు పడతాయి, రీల్‌లో నిలబడ్డ బొమ్మ మన దగ్గర వాలిపోతుంది. వెంటనే 'నాకు ఆర్ట్ రాదులే' అనేసుకుంటాం. అక్కడ తేడా కొట్టింది ఆర్ట్ కాదు, కాగితం. దాని లెక్క తెలిస్తే ఒక్క పువ్వు కూడా గీయలేనివాళ్లు సైతం తెరవగానే లేచి నిలబడే కార్డు చేసేయొచ్చు.

బొమ్మ బాగుండాలన్న భయం మాత్రం పక్కన పెట్టండి. యూనిసెఫ్ మొట్టమొదటి గ్రీటింగ్ కార్డు మీద ఉన్నది ఏడేళ్ల పాప వేసిన బొమ్మ. 1949 నాటి మాట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా చెకొస్లొవేకియాకి చెందిన జిట్కా సామ్కోవా దాన్ని వేసింది. అప్పుడు కాగితం దొరక్క గాజు ముక్క మీద వేసిందట. యూనిసెఫ్ కార్డుల పరంపర అక్కడే మొదలైంది.

స్కేలు పట్టుకున్న ప్రొఫెసర్

కాగితం కళ అనగానే జపాన్ గుర్తొస్తుంది, ఒరిగామి కొంగ గుర్తొస్తుంది. ఒరిగామికి కత్తెర, జిగురు వాడరు. ఒకే కాగితం, మడతలు, అంతే. మన గ్రీటింగ్ కార్డుకి పనికొచ్చేది మాత్రం దాని తమ్ముడిలాంటి ఇంకో పద్ధతి. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పిన మసహిరో చతాని 1981లో కార్డుల మీద ప్రయోగాలు మొదలెట్టారు. ఒకే కాగితాన్ని అక్కడక్కడా కోసి, మడిచి, కార్డు తెరిస్తే భవనాలు లేచేలా చేశారు. దానికి 'ఒరిగామిక్ ఆర్కిటెక్చర్' అని పేరు. రంగుల్లేవు, జిగురు లేదు, తెల్ల కాగితమూ దాని మీద పడే నీడలూ, అంతే.

ఆ కార్డుల్లో ఎన్ని మేడలున్నా, ఎన్ని మెట్లున్నా పునాది ఒక్కటే: కార్డు మడత మీదుగా పోయే రెండు సమాంతర కోతలు. ఆ రెండింటి మధ్య మిగిలిన పట్టీని ముందుకి నెడితే పెట్టెలా లేస్తుంది. బీటెక్ మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ డ్రాయింగ్‌ని తిట్టుకుంటూ గట్టెక్కిన మనలాంటివాళ్లకి ఇది చాలా తేలిక.

ముందు కాగితం సంగతి

షాపులో 'మందం కాగితం ఇవ్వండి' అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. అడగాల్సింది జీఎస్ఎం. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ఆఫీసు ప్రింటర్‌లో ఉండేది 70-80 జీఎస్ఎం. అది కార్డుకి పనికిరాదు, నిలబడదు. లోపల లేచే భాగానికి 160 నుంచి 200, బయటి అట్టకి 250 చాలు. 300 దాటితే మడత మొండికేస్తుంది.

ఇక ఎవరూ చెప్పని విషయం, మడత ఎందుకు పగులుతుందన్నది. మిల్లు కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుని ఉంటాయి. వెదురు దబ్బని నిలువుగా చీల్చినంత తేలిగ్గా అడ్డంగా విరవలేం కదా, ఇక్కడా అదే కథ. నారల వెంట మడిస్తే నున్నగా మడత పడుతుంది. అడ్డంగా మడిస్తే పైపొర చిట్లి తెల్లగా పీచు లేస్తుంది. మీ దగ్గరున్న కాగితానిది ఏ దిక్కో తెలుసుకోవడానికి దాన్ని మధ్యకి వంచి, మడత పడనివ్వకుండా అరచేత్తో మెల్లగా అదిమి చూడండి. అడ్డంగా తిప్పి మళ్లీ అదిమి చూడండి. ఎటు తేలిగ్గా వంగిందో ఆ వంపు వెంటే నారలు ఉన్నట్టు.

ఏ4 కాగితాల్లో ఎక్కువ శాతం నారలు పొడవు వెంట ఉంటాయి. మనం చేసేదేమో ఏ4ని నేరుగా సగానికి మడిచేయడం. అంటే సరిగ్గా నారలకి అడ్డంగా! దాని బదులు ముందు ఏ4ని రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని సగానికి మడవండి. ఇప్పుడు మడత నారల వెంట పడుతుంది, పగలదు. ఒక షీటుకి రెండు కార్డులు వస్తాయి. కార్డు సైజు సుమారు 15 సెంటీమీటర్లకి పదిన్నర.

రెండో జాగ్రత్త ఏంటంటే మడిచే ముందు గీత నొక్కాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ తీసుకుని, స్టీల్ స్కేలు ఆనించి, మడత రావాల్సినచోట గట్టిగా ఒక గీత లాగండి. కాగితం కోసుకుపోకుండా సన్నగా గాడి పడుతుంది, మడత ఆ గాడిలోనే పడుతుంది. ఇందుకోసం ఆన్‌లైన్‌లో ప్రత్యేకమైన పరికరాలు అమ్ముతారు. అవేమీ అక్కర్లేదు. మడతని చదును చేయడానికి వంటింట్లో స్టీలు చెంచా వెనక భాగం చాలు.

ఎత్తు, దూరం: లెక్క ఇంతే

సగం కోసిన ముక్కని మధ్యలో గీత నొక్కి పెట్టుకోండి. ఇదే వెన్ను. కార్డుని పుస్తకంలా పక్కకి కాకుండా, లాప్‌టాప్ మూతలా పైకి తెరుస్తున్నట్టు ఊహించుకోండి. వెన్నుకి పై సగం గోడ, కింది సగం నేల.

ఇప్పుడు మధ్యభాగంలో 4 సెంటీమీటర్ల ఎడంతో రెండు నిలువు గీతలు గీయండి. రెండూ వెన్నుకి పైన 5 సెంటీమీటర్ల దగ్గర మొదలై, వెన్నుకి కింద 3 సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. కటర్‌తో ఈ రెండు గీతల్నీ కోయండి. ఒకే ఊపులో గట్టిగా కోయొద్దు. మెల్లగా రెండు మూడు సార్లు లాగితే అంచు నున్నగా వస్తుంది. కింద పాత అట్ట ఏదైనా పెట్టుకోండి, లేకపోతే డైనింగ్ టేబుల్ మీద మీ కళాఖండం శాశ్వతంగా మిగిలిపోతుంది. కటర్ స్కేలు పక్కనుంచి జారే ప్రమాదం ఉంది కాబట్టి స్కేలు పట్టుకున్న వేళ్లు అంచుకి దూరంగా ఉండాలి. చిన్నపిల్లలు చేస్తుంటే ఈ పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

ఇప్పుడు 8 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ తయారైంది. దాని పై చివర ఒక మడత, కింది చివర ఒక మడత. రెండూ లోపలికి పోయే మడతలే, వెన్ను లాగానే. వీటిని లోయ మడతలు అందాం. నాలుగోది పట్టీ మధ్యలో మన వైపు పొడుచుకొచ్చే కొండ మడత. అది ఎక్కడ రావాలన్నదే అసలు కిటుకు. చాలామంది వెన్ను గీత మీదే వేసేస్తారు. అప్పుడు కార్డు తెరిచినా పెట్టె వంకరగా ఉంటుంది, మూస్తే నలుగుతుంది.

పెట్టెని పక్కనుంచి చూస్తే దీర్ఘచతురస్రం కదా, ఎదురెదురు భుజాలు సమానంగా ఉండాలి. గోడ మీద ఎత్తు 5 అయితే పెట్టె ముందు ముఖం కూడా 5. నేల మీద దూరం 3 అయితే పెట్టె పైకప్పు కూడా 3. కాబట్టి కొండ మడత పట్టీ పై చివర నుంచి కిందికి 3 సెంటీమీటర్ల దగ్గర వేయాలి. వెన్ను గీత కంటే అది 2 సెంటీమీటర్లు పైన ఉంటుంది. వెన్ను గాడిని పట్టీ మీదుగా నొక్కకుండా వదిలేయండి. ఎత్తు, దూరం సమానమైనప్పుడు మాత్రమే ఆ రెండూ ఒకే గీత మీద కలుస్తాయి.

ఇంకో లెక్క. కార్డు మూసినప్పుడు పెట్టె చదునై బయటి అంచు వైపు సాగుతుంది. ఎంతవరకూ అంటే ఎత్తు ప్లస్ దూరం. మనది 5 ప్లస్ 3, ఎనిమిది. కార్డు లోతు పదిన్నర కాబట్టి లోపలే ఉంటుంది. 7 ప్లస్ 5 పెట్టారనుకోండి, మూసిన కార్డులోంచి నాలుక బయటపెట్టినట్టు వేలాడుతుంది. పెట్టె ముందు ముఖానికి ఏదైనా బొమ్మ అంటించి, అది పెట్టె కంటే పైకి ఉండేలా పెట్టాలనుకుంటే ఆ అదనపు ఎత్తునీ ఇందులోనే కలపాలి. ఈ కార్డులో ఒకటిన్నర సెంటీమీటరు వరకూ ధైర్యంగా వెళ్లొచ్చు.

చివరగా ఈ లోపలి కాగితాన్ని నాలుగు వైపులా కాస్త సన్నగా కత్తిరించి, మడిచిన బయటి అట్టలో అంటించాలి. కోసిన చోట పడిన కంత అప్పుడు కనిపించదు. జిగురు అంచులకే రాయండి. పట్టీ వెనక చుక్క జిగురు తగిలినా పెట్టె ఇక లేవదు. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి, వెడల్పుగా పూస్తే నారలు ఉబ్బి కాగితం అలలు తిరుగుతుంది. వెడల్పు భాగాలకి గ్లూ స్టిక్ లేదా డబుల్ సైడ్ టేప్ వాడి, ఫెవికాల్‌ని అగ్గిపుల్లతో చుక్కలుగా పెట్టడానికి దాచుకోండి.

ఇదే పట్టీని బొమ్మల కొలువు చేసేయొచ్చు. కోతల మధ్య ఎడం 8 సెంటీమీటర్లు, పైకి 4, కిందికి 4. పట్టీ మీద ప్రతి 2 సెంటీమీటర్లకీ ఒక మడత: కొండ, లోయ, కొండ. తెరిస్తే రెండు మెట్లు లేస్తాయి. ఆ మెట్ల ముందు ముఖాలకి బొటనవేలంత బొమ్మలు కత్తిరించి అంటిస్తే సంక్రాంతి కార్డు రెడీ. ఉగాదికైతే మొదటి పెట్టె మీద మామిడాకుల తోరణం కట్టిన గుమ్మం బాగుంటుంది. పుట్టినరోజు కేకు సంగతి చెప్పక్కర్లేదు, పెట్టె ఆకారమే కేకు.

బీరువా మీద శుభలేఖలు

రంగు కాగితాల కోసం షాపుకి వెళ్లే ముందు ఇంట్లో శుభలేఖలు వెతకండి. మాఘం, వైశాఖం, శ్రావణం.. పెళ్లిళ్ల సీజన్ దాటేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక కట్ట పోగవుతుంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లాంటి చోట్ల శుభలేఖల షాపుల ముందు నిలబడితే ఎన్ని రకాల కాగితం మన ఇళ్లలోకి వచ్చిపడుతోందో అర్థమవుతుంది. మెరిసేది, గరుకుది, బంగారు రేకు అద్దినది, ఉబ్బెత్తు డిజైన్లది. ఇదే కాగితం విడిగా కొనాలంటే చిన్న ప్యాకెట్‌కే బోలెడు అడుగుతారు.

ఇబ్బంది ఒక్కటే. పైన వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటాడు. పారేయడానికి మనసొప్పదు, కోయడానికి అసలే ఒప్పదు. అందుకే అవి ఏళ్ల తరబడి బీరువా మీద దుమ్ము పట్టి ఉంటాయి. దేవుడి బొమ్మని ముందుగా చుట్టూ వదిలి చక్కగా కత్తిరించి విడిగా దాచండి. అది ఇంకో శుభకార్యం కార్డు మీదకి అలాగే వెళ్తుంది. మడత దాని మీద పడకుండా చూసుకుంటే చాలు. మిగతా అంచులు, లతలు, ఏనుగులు, నెమళ్లు, అన్నీ మీవే. పాత క్యాలెండర్ల నున్నటి కాగితం కూడా పైన అతికించడానికి బాగుంటుంది. నిలబడే భాగానికి మాత్రం వద్దు, పలచన.

గ్లిట్టర్ జోలికి వెళ్లొద్దనే నా సలహా. అవి సన్నటి ప్లాస్టిక్ ముక్కలు. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి విడిగా రాలే ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాల మీద నిషేధం పెట్టింది. మన దగ్గర ఆ నిషేధం లేకపోయినా, ఇల్లు ఊడ్చేది ఎవరో ఒకసారి ఆలోచించండి.

ఇక 'ఎక్స్‌ప్లోజన్ బాక్స్' అని ఒకటి బాగా ట్రెండింగ్. మూత తీస్తే నాలుగు గోడలూ విచ్చుకుని లోపల ఫొటోలు కనిపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ నాకు పెద్దగా నచ్చదు. ఫొటోలు అంటించడానికే రోజంతా పడుతుంది, రాయడానికి చోటు మిగలదు.

లోపల ఏం రాయాలి?

అసలు కష్టం ఇక్కడే. కార్డు కట్ చేయడానికి గంట పడితే, లోపల నాలుగు లైన్లు రాయడానికి రెండు గంటలు పడుతుంది. మన బ్యాచ్‌కి తెలుగు మాట్లాడటం వచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయడం వచ్చు. పెన్ను పట్టుకుని తెలుగులో రాయమంటే మాత్రం 'ఝ' దగ్గర ఆగిపోతాం. ఇటు మనం పంపే ఇంగ్లీషు అక్షరాల తెలుగు ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది చదవలేరు. ఫోన్ తీసుకెళ్లి మనవడికో పక్కింటి పిల్లకో ఇచ్చి 'ఏం రాశాడో చదువమ్మా' అంటారు. అంటే మనం అమ్మమ్మకి రాసింది ముందుగా పక్కింటి పిల్ల చదువుతుంది.

మా అమ్మమ్మకి గత సంక్రాంతికి ఆ కొలువు కార్డు పంపాను. తెలుగులో, పెద్ద అక్షరాలతో, నల్ల స్కెచ్ పెన్‌తో. లోపల రాసిందల్లా ఇంతే: ఈసారి సెలవు దొరకలేదనీ, చిన్నప్పుడు కొలువులో రైలు బొమ్మ నేనే విరగ్గొట్టి తమ్ముడి మీద చెప్పాననీ, అరిసెలు దాచమనీ. ఆవిడ ఫోన్ చేసి రైలు సంగతి తనకి అప్పుడే తెలుసంది. తర్వాత "మెట్లు ఎట్లా లేస్తున్నాయిరా, కింద స్ప్రింగ్ పెట్టావా?" అని అడిగింది. వచ్చినవాళ్లందరి ముందూ తెరిచి మూసి, తెరిచి మూసి చూపించిందని పిన్ని చెప్పింది. కళ్లజోడు పెట్టుకుని తనే చదువుకుందని కూడా చెప్పింది.

కాబట్టి గూగుల్‌లో 'బెస్ట్ విషెస్ ఇన్ తెలుగు' వెతకొద్దు. ఆ మనిషికి, మీకు మాత్రమే తెలిసిన ఒక సంగతి రాయండి. ఒక్కటి చాలు. మొదట రఫ్ కాగితం మీద రాసుకుని, అక్షరదోషాలు చూసుకుని, ఆ తర్వాతే కార్డు మీదకి ఎక్కించండి. పెట్టె అంటించకముందే రాసేస్తే చేతికి అడ్డం రాదు.

అమ్ముకోవచ్చా?

అమ్ముకోవచ్చు. అమెరికాలో ఎస్తర్ హౌలాండ్ అనే అమ్మాయి 1840ల చివర్లో వుస్టర్ అనే ఊళ్లో సరిగ్గా ఇదే పని చేసింది. తండ్రిది స్టేషనరీ వ్యాపారం. లేసు కాగితంతో వాలెంటైన్ కార్డులు చేసి చూపిస్తే ఒక్కదానివల్ల కానన్ని ఆర్డర్లు వచ్చాయి. స్నేహితురాళ్లని బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకరు కత్తిరించడం, ఒకరు అంటించడం, ఇలా పని పంచేసింది. ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైన్ అనేది ఇంకా పేరు తెచ్చుకోకముందే!

ఇప్పుడు ఇన్‌స్టాలో పేజీ పెట్టేవాళ్లు చేసే లెక్కలో కాగితం ఖర్చు మాత్రమే ఉంటుంది. కాగితం 20 రూపాయలు, అమ్మేది 100, కాబట్టి 80 మిగిలిందనుకుంటారు. ఆ కార్డుకి గంటన్నర పడితే గంట కష్టం విలువ 53 రూపాయలు. కొరియర్, ప్యాకింగ్, నచ్చలేదని వెనక్కి పంపినవి ఇంకా తీసేయలేదు. హౌలాండ్ లాగా ఒకే డిజైన్ ఒకేసారి పాతిక చేస్తే గిట్టుతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో డిజైన్ అంటే అది స్నేహితులకే పరిమితం చేసుకోండి.

కవరు, స్టాంపు

కవరు కొనక్కర్లేదు. ఏ4 కాగితంలోంచి 21 సెంటీమీటర్ల చదరం ఒకటి కత్తిరించండి. కార్డుని దాని మధ్యలో ఐమూలగా పెట్టి, ముందు కుడి ఎడమ మూలల్ని లోపలికి మడవండి. రెండూ సరిగ్గా మధ్యలో కలుస్తాయి. తర్వాత కింది మూల, చివరగా పై మూల. ఇంత చక్కగా కుదరడం లక్కు కాదు. ఏ సైజులన్నింటికీ వెడల్పు పొడవుల నిష్పత్తి ఒకటికి రూట్ 2. 21 సెంటీమీటర్ల చదరానికి మూల నుంచి మూలకి 29.7, అది సరిగ్గా ఏ4 పొడవే.

బరువు కూడా ఇంట్లోనే లెక్కేసుకోవచ్చు. 16 ఏ4లు కలిపితే ఒక చదరపు మీటరు. అంటే జీఎస్ఎంని 16తో భాగిస్తే ఒక ఏ4 బరువు వస్తుంది. మన కార్డులో 200 జీఎస్ఎం సగం షీటు, 250 జీఎస్ఎం సగం షీటు, 80 జీఎస్ఎం కవరు. అన్నీ కలిపి 18 గ్రాముల లోపే. పోస్టాఫీసులో ఉత్తరాల బరువు 20 గ్రాముల మెట్లలో చూస్తారు కాబట్టి ఒక మెట్టులోనే సరిపోతుంది. బొమ్మలు ఎక్కువ అంటించినా, 300 జీఎస్ఎం అట్ట వాడినా దాటిపోవచ్చు. అనుమానంగా ఉంటే కౌంటర్లో తూయించి స్టాంపు అంటించండి. పూసలు, అద్దాలు, చమ్కీ రాళ్లు అంటించిన కార్డుని మామూలు కవర్లో పంపొద్దు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటే ముద్ర పడేటప్పుడే చితికిపోతుంది. అడ్రసు తెలుగులో రాసినా ఊరి పేరు, పిన్‌కోడ్ స్పష్టంగా ఉండాలి. సంక్రాంతికి చేరాలంటే భోగికి కనీసం పది రోజుల ముందే డబ్బాలో వేసేయండి.